మొవ్వు మీద కుండ

ఆగస్టు 11, 1959

పెరట్లో కొబ్బరిచెట్టు నడిమొవ్వు ఒక పక్కకి వాలింది. నిన్నటి గాలికి అయ్యుంటుంది.

ఆస్పత్రికి మందుసీసాలు మళ్ళీ తక్కువ వచ్చాయి. జనం ఇళ్ళ నుంచి ఆముదం సీసాలు పట్టుకొస్తున్నారు, కడగనైనా కడగకుండా. వాటిల్లోనే మిక్చరు పోసిస్తున్నాను. నేను కాంపౌండర్నో గానుగ దగ్గర మనిషినో నాకే తెలియకుండా పోతోంది.

ఆగస్టు 13

గాలీ కాదు, నా మొహమూ కాదు. కొబ్బరికాయలు దింపే కోటయ్యని పిలిచి చెట్టెక్కించాను. ఆ వాలిన ఆకు పట్టుకుని ఇలా లాగాడో లేదో ఊడి చేతిలోకొచ్చేసింది. కింద పడేస్తే చూశాను. మొదలంతా మెత్తబడి గోధుమరంగు తిరిగింది. చుట్టూ తెల్లటి బూజు. ఒకటే కంపు.

“మొవ్వుకుళ్ళండి బాబుగారూ!” అని పైనుంచే కేకేశాడు. “చుట్టూతా ఆకులన్నీ పచ్చగానే ఉంటాయండి. నడినెత్తిన పుట్టే కొత్తాకు కుళ్ళిపోద్ది. కొబ్బరిచెట్టుకి నెత్తి ఒక్కటే కదండీ. అది పోతే ఇంక చిగురెయ్యదు.”

వీధి వీధంతా వినపడేలా అరవకపోతే ఏం పోయింది వీడికి! మాణిక్యం వంటింటి గుమ్మంలో ఉంది. చేతిలో చాట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“దీనికి మందుంది,” అన్నాను. ఉందో లేదో అప్పటికి నాకు తెలియదు.

ఆగస్టు 15

జెండా పండగ. డాక్టరుగారు బిళ్ళలు పంచమన్నారు, పిప్పరమెంటు బిళ్ళలు. పంచాను.

మాణిక్యం సరిగ్గా అన్నం తినడం లేదు. “చెట్టుకి తెగులొస్తే నువ్వు పస్తుంటే తగ్గుతుందా?” అని కసిరాను. కసిరాక నా మీద నాకే అసహ్యం వేసింది.

అందరికీ అది చెట్టు. మాణిక్యానికి పిల్ల. యుద్ధం ఆగిన ఏడు పుట్టి, బారసాల కాకుండానే పోయిన మా పిల్లని ఆ మూలే పాతిపెట్టాం. మొలకెత్తిన కాయ తెప్పించి పైన నాటించింది మా అమ్మే. మాణిక్యానికి పాలు ఆగలేదు. పిండిన పాలు ఎక్కడపడితే అక్కడ పారబోయకూడదు, పచ్చని మొక్క మొదట్లో పొయ్యమంది అమ్మ. పోసింది, పాలు ఇంకిపోయేదాకా. ఆ తర్వాత మాకు మళ్ళీ కడుపు పండలేదు. ఆ చెట్టు కాయలు ఆవిడ అమ్మదు, ఇంట్లోకి వాడదు. మా ఈడేపల్లిలో ఎవరింట పురుడొచ్చినా బారసాలకి ఈ కాయలే పట్టుకెళ్తుంది. వాళ్ళు వాడతారో, పక్కన పెట్టేస్తారో తెలియదుగానీ, ఆవిడ మొహం చూసి ఇంతవరకూ ఎవరూ వద్దనలేదు.

నేను మాత్రం చెట్టనే అంటాను. ఇక్కడా అలాగే రాస్తాను.

ఇది పోతే ఈ మనిషి ఏమైపోతుందోనని నాకు హడలుగా ఉంది.

ఆగస్టు 19

వ్యవసాయ శాఖ డిమాన్‌స్ట్రేటరుని బతిమాలి తీసుకొచ్చాను. పిచ్చేశ్వరరావని, గుడివాడ కుర్రాడు. సైకిలు దిగి, ఊడిపడ్డ ఆకుని పుల్లతో అటూ ఇటూ తిప్పి చూశాడు.

“కుళ్ళిందంతా చెక్కెయ్యండి, తెల్లటి కండ కనపడేదాకా. మైలుతుత్తం, సున్నం కలిపి ముద్దచేసి పట్టించండి. పైన కుండ బోర్లించి కట్టెయ్యాలి. చుక్క నీరు లోపలికి దిగకూడదండి. కార్తీకం వెళ్ళేదాకా కుండ కదపొద్దు. కొత్తాకు కుండని తోసుకుని పైకొస్తే చెట్టు దక్కినట్టే.”

“రాకపోతే?”

“కొట్టించేసి నెత్తి తగలబెట్టాలండి. లేకపోతే పక్క తోటలకి పాకుతుంది. మొద్దు తవ్వక్కర్లేదు.”

మొద్దు తవ్వక్కర్లేదన్న మాటకి నాకు కొంచెం ఊపిరొచ్చింది. “ఇంతకీ బతుకుతుందంటావా అబ్బాయ్?” అన్నాను.

“చెప్పలేమండి.”

“ఇంత చదువు చదివి చెప్పలేమంటే ఎలాగయ్యా? నేను ఆస్పత్రిలో అలా అంటే రోగులు నా జుట్టు పట్టుకుంటారు.”

“చెట్లు పట్టుకోవు కదండీ,” అన్నాడు నవ్వి. మంచివాడే. నాకే నవ్వు రాలేదు.

గోడవతల ధర్మారావు అంతా వింటున్నాడు. ఆయన కొబ్బరితోట మా పెరటిగోడకి ఆనుకునే ఉంది. “బావగారూ, కాస్త జాగ్రత్తగా చూడండి. నాకు మరో ఆధారం లేదు,” అన్నాడు. అలాగేనన్నాను.

ఆగస్టు 23, ఆదివారం

ఇవాళ నా పనితనం చూపించాను. మైలుతుత్తం ఒక కుండలో, సున్నం ఒక కుండలో వేరువేరుగా కలిపి, రెండూ ఒక్కసారి మూడో కుండలోకి వంచాను. ఆకాశం ముక్క దింపినట్టు వచ్చింది రంగు. తళతళలాడే చాకు ముంచి తీశాను. ఎర్రజీర పడితే సున్నం చాలలేదని లెక్క. పడలేదు. ఇరవై ఏళ్ళు మిక్చర్లు కలిపిన చెయ్యి మరి!

మాణిక్యం పక్కనే గొంతుక్కూర్చుంది. “మండుతుందా అండీ?” అంది.

“చెట్టుకి మంటేమిటే నీ మొహం!”

“పచ్చిపుండు మీద కదా.”

కోటయ్య నడుముకి మోకు కట్టుకుని ఎక్కాడు. చెక్కుతుంటే ముక్కలు దబ్బుదబ్బున కింద పడుతున్నాయి. పడ్డప్పుడల్లా మాణిక్యం భుజం అదిరింది. కుండ ఇంట్లో పాతది చాలన్నాను. వినలేదు. కుమ్మరివాళ్ళ దగ్గర్నుంచి కొత్తది తెచ్చి, కడిగి, పసుపు రాసి మరీ పైకి పంపింది.

సెప్టెంబరు 9

చవితి వెళ్ళింది. వీధిలో వెళ్ళేవాళ్ళంతా ఆగి చూస్తున్నారు. “ఏం చలపతిరావుగారూ, మీ చెట్టు టోపీ పెట్టుకుని ఆఫీసుకి బయల్దేరిందా?” అన్నాడు పోస్టాఫీసు గుమాస్తా. నేనూ నవ్వాను. ఇంట్లోకొచ్చి అదే మాట చెప్తే మాణిక్యం నవ్వలేదు.

సెప్టెంబరు 21

వాన.

సెప్టెంబరు 22

వాన. కుండ కట్టు ఊడలేదు. పొద్దున్న లేస్తూనే చూసుకోవడం, సాయంత్రం రాగానే చూసుకోవడం, నాకూ ఇదో రోగమైపోయింది.

అక్టోబరు 4, ఆదివారం

ఆగలేకపోయాను. కదపొద్దన్నాడని తెలిసీ, కొంచెం ఎత్తి చూడమని కోటయ్యని ఎక్కించాను. దిగొచ్చి తల గోక్కున్నాడు. “ఏమోనండి. పొడిగానే ఉంది. కుళ్ళయితే కనపళ్ళేదు. ఆకూ కనపళ్ళేదు.”

మాణిక్యం బావి దగ్గర్నుంచి తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది. “ఏమిటంటున్నాడండీ?”

“మొలకొచ్చిందట,” అన్నాను. “తెల్లగా, పసిపిల్ల వేలంత ఉందట.”

నోట్లోంచి అలా వచ్చేసింది. కోటయ్య నా మొహంలోకి చూసి ఊరుకున్నాడు. మాణిక్యం చెట్టు వంక తలెత్తి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నవ్వింది. ఆవిడ పళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో! మధ్యాహ్నం మారు వడ్డించుకుని తిన్నది.

అబద్ధమని ఎవరన్నారు? ఆస్పత్రిలో రోజూ వందమందికి చెప్పేదే, “తగ్గిపోతుందమ్మా” అని. కొంచెం ముందుగా చెప్పిన నిజం, అంతే.

అక్టోబరు 19

ఇల్లు ఇల్లులా ఉంది. దసరాకి పక్కింటి పిల్లలకి కజ్జికాయలు చేసి పంచింది. పెరట్లో బట్టలారేస్తూ చెట్టుతో ఏదో మాట్లాడుతోంది. నేను వెళ్ళేసరికి ఆపేసింది. “ఏమిటి కబుర్లు?” అంటే “మీకెందుకు, ఆడవాళ్ళ మాటలు” అంది.

కుండ ఎక్కడున్నది అక్కడే ఉంది. పైకి రాలేదు. రావడానికి టైము పడుతుంది కదా.

అక్టోబరు 27

ధర్మారావు తోటలో ఒక చెట్టు మొవ్వు వాలింది.

నవంబరు 4

నాగుల చవితి. మాణిక్యం తెల్లవారుతూనే పుట్టకి వెళ్ళి పాలు పోసి వచ్చింది. చెంబులో సగం పాలు అలాగే ఉన్నాయి. “నాగేంద్రుడికి సగమేనా?” అంటే “ఉండనీండి, పనుంది” అంది. కాఫీ కోసమేమో అనుకున్నాను. కోటయ్య గుమ్మం దగ్గర కూర్చుని చలిమిడి తింటున్నాడు. రేపు దివిసీమలో అత్తారూరు వెళ్తున్నాడట, అవనిగడ్డ అవతల. వరికోతలయ్యాక గానీ రాడట. నేను గబగబా ఆస్పత్రికి వెళ్ళిపోయాను. పండగరోజున కూడా దగ్గులూ, గజ్జీ, నులిపురుగులూ!

నవంబరు 12

ధర్మారావు పొద్దున్నే వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. “బావగారూ, గాలి ఇటు తిరిగితే మీ చెట్టు మీంచి కంపు కొడుతోందండీ. కోప్పడకండి. మా మత్తయిని ఎక్కిద్దాం, ఒక్కసారి చూద్దాం,” అన్నాడు. మత్తయి ఆయన తోటలో పనిచేసే మనిషి.

సరేనన్నాను. ఎక్కాడు. కుండ ఎత్తి చటుక్కున మొహం తిప్పేసుకున్నాడు. ఒక ఆకు పీలికతో లోపలిది తుడిచి కిందికి తెచ్చాడు. తెల్లగా జిగురు. వాసన చూశాను. పుల్లటి కుళ్ళుకంపు. సందేహమేముంది? మందుల గదిలో వాసన చూసి సీసా పేరు చెప్పగలిగినవాణ్ణి, ఇది చెప్పలేనా!

“మళ్ళీ కుళ్ళింది,” అన్నాను ధర్మారావుతో. నేనే అన్నాను.

మాణిక్యం ఆ టైములో బజారుకెళ్ళింది. ఆవిడకింకా చెప్పలేదు.

నవంబరు 13

పిచ్చేశ్వరరావు కోసం వెళ్ళాను. క్యాంపులో ఉన్నాడట. ఎప్పుడొస్తాడంటే అక్కడి ప్యూను భుజాలెగరేశాడు.

నవంబరు 14

చెప్పలేదు.

నవంబరు 15

ఇవాళా చెప్పలేదు. పౌర్ణమి. మాణిక్యం చెట్టు మొదట్లో కూడా దీపం పెట్టింది.

ధర్మారావు తోటలో ఇంకో చెట్టు వాలింది. గోడ దగ్గర నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, అంత మగాడూ. నోరారా తిట్టినా బాగుండేది. తిట్టలేదు. “మీకు నేను చెప్పగలిగినవాణ్ణి కాదు, ఆ చెట్టు సంగతి నాకు తెలియంది కాదు,” అన్నాడు. అంతకంటే ఏమనాలి మనిషి? కార్తీకం వెళ్ళేదాకా ఆగమన్నాడు ఆ కుర్రాడు. ఆగితే ఈయన తోటంతా పోతుందేమో. ఆగకపోతే మా ఇల్లు. ఎటు చూసినా గోడే. శుక్రవారం కొట్టించెయ్యమన్నాను.

నవంబరు 17

చెప్పాను. వంటింట్లో, పీట మీద కూర్చుని.

“మొలకొచ్చిందన్నారుగా?” అంది.

రాలేదని చెప్తే అప్పుడు చెప్పింది అబద్ధమవుతుంది. “వచ్చింది. వచ్చిందే చచ్చిపోయింది,” అన్నాను.

“మళ్ళీనా?” అంది.

ఆ ఒక్క మాటే. ఏడవలేదు. పొయ్యి మీద పప్పు మాడిపోతుంటే లేచి దింపలేదు. నేనే దింపాను, చెయ్యి కాల్చుకున్నాను.

నవంబరు 20

రాయాలని లేదు. రాస్తేగానీ నిలవలేను.

పిల్లని పడగొట్టారు. మత్తయి, ఇంకో ఇద్దరు. గోడవైపు పడకుండా తాళ్ళు కట్టి లాగారు. మాణిక్యం “నేను చూడలేనండీ” అని పడగ్గదిలోకి పోయి తలుపు, కిటికీ మూసుకుంది. అదే మంచిదనుకున్నాను. చెట్టు పడ్డ చప్పుడుకి గోడ మీద సున్నం రాలింది.

సరిగ్గా అప్పుడే కోటయ్య వచ్చాడు. దివిసీమ నుంచి ముందే తిరిగొచ్చేశాడట. పడున్న చెట్టుని చూసి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఇంతలో ధర్మారావు ఇంటి ఆడవాళ్ళు పళ్ళేలు పట్టుకుని గుమ్మంలోకొచ్చారు. చెట్టు కొడితే మొవ్వు తినడం ఊరందరి అలవాటేగా, వాళ్ళ తప్పేముంది. కుళ్ళు చెట్టమ్మా, తినడానికేం ఉండదని పంపించేశాను.

కోటయ్య కుండ పగలగొట్టి నెత్తి చీల్చాడు. చీల్చి, రెండు చేతులతో పైకెత్తాడు. తెల్లగా ఉంది. పాలమీగడలా తెల్లగా, మచ్చ లేకుండా. మధ్యలో కొత్తాకు మడతపెట్టినట్టు, నా చిటికెనవేలంత పొడుగుంది.

“బాబుగారూ,” అన్నాడు గొంతు తగ్గించి. “ఇది చావలేదండి. పుట్టింది. ఇంకో నెలకి కుండని తోసేద్దండి.”

“మరి ఆ కంపు?”

నేల చూపులు చూశాడు. “నాగుల చవితినాడు అమ్మగారు పాలిచ్చి పైన పొయ్యమన్నారండి. పసిపిల్లకి ఆకలేస్తదని. మీకు చెప్పొద్దన్నారు. పోశానండి. కుండ కింద ఉండిపోయి పులిసి కుళ్ళాయండి. ఆ వాసనండి ఇది, మొవ్వుది కాదు.”

చెట్టు మొవ్వేసిందని చెప్పింది నేను. పుట్టిన పిల్లకి ఆవిడ పాలు పట్టింది. ఆ పాలు పులిస్తే వాసన చూసి, కుళ్ళింది, కొట్టెయ్యండి అన్నదీ నేనే. నా మొలక అబద్ధం కాదట, నిజంగానే పుట్టిందట. ఇంక ఎవరి మీద అరవను?

“నోరు మూసుకో,” అన్నాను కోటయ్యతో. వాడి చేతుల్లోంచి ఆ తెల్లటి ముక్క లాక్కుని, నెత్తి తగలబెట్టడానికి మత్తయి రాజేసిన మంటలో వేశాను. పచ్చిది, అంత త్వరగా అంటుకోలేదు. కిరసనాయిలు పోశాను.

సాయంత్రం తలుపు తీసుకుని వచ్చింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. “లోపలెలా ఉందండీ?” అంది.

“మొత్తం కుళ్ళిపోయింది. ఎప్పుడో పోయింది,” అన్నాను.

నవంబరు 21

“నేనో తప్పు చేశానండీ,” అంది పొద్దున్నే. పాల సంగతి చెప్పింది. అప్పుడే వింటున్నట్టు విన్నాను. “దానివల్ల కాదు కదా?” అంది.

“పాలు పోస్తే చెట్లు చస్తాయిటే? అంతకుముందే మొవ్వు మొత్తం కుళ్ళిపోయింది,” అన్నాను.

తలూపి లేచి వెళ్ళి కాఫీ కలిపింది.

నవంబరు 23

మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను.

నవంబరు 24

అడిగింది. చెప్పాను.

పిచ్చేశ్వరరావు క్యాంపు నుంచి వచ్చాడట. ఆస్పత్రికొచ్చి చెట్టెలా ఉందండీ అన్నాడు. కొట్టించేశాం అన్నాను. “అరెరె, తొందరపడ్డారేమోనండి” అన్నాడు. చీటీ ఉన్నవాళ్ళని లోపలికి రమ్మని గట్టిగా కేకేశాను.

నవంబరు 29

ధర్మారావు తోటలో మందు పట్టించిన చెట్లు రెండూ నిలదొక్కుకునేలా ఉన్నాయట. ఆ ముద్ద నేనే కలిపిచ్చాను, అదే చాకు, అదే చెయ్యి. కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. విడిపించుకుని వచ్చేశాను.

మాణిక్యం ఇవాళ కూడా అడిగింది. ఇప్పుడు నాకు తడుముకోకుండా వస్తోంది. ఎంత కుళ్ళిందో, ఏ రంగు తిరిగిందో కూడా చెప్తున్నాను. విని, కాస్త తేలికపడ్డట్టు కనిపిస్తుంది. ఆమాత్రం మేలు చేస్తున్నాను కదా. అబద్ధమైతే మాత్రమేం, మనిషి నిలబడింది.

డిసెంబరు 3

అడిగింది. చెప్పాను.

డిసెంబరు 6, ఆదివారం

ఇవాళ అడగలేదు. కాఫీ అయింది, స్నానమైంది, ఆవిడ వసారాలో కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. నేను పేపరు తిరగేశాను. పెరట్లోకి వెళ్ళి మొద్దు దగ్గర నిలబడి వచ్చాను. చివరికి ఉండబట్టలేక నేనే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

“మొవ్వు మొత్తం కుళ్ళిపోయిందే మాణిక్యం. పాలు పోసేనాటికే ఏమీ లేదు. నువ్వు చేసిందేమీ లేదు,” అన్నాను.

బియ్యంలోంచి తలెత్తలేదు. “కోటయ్య చేతుల్లో ఉండగా చూశానండీ,” అంది. “కిటికీ సందులోంచి. తెల్లగా ఉంది. మీరు లాక్కుని మంటలో వేశారు.”

“చూశావా? చూసి కూడా... మరి రోజూ ఎందుకడిగావే నన్ను?”

రాయి ఏరి పక్కన పడేసింది. మరొకటి వెతికింది.

“మీరు చెప్తున్నంతసేపూ నిజమే అనిపించేదండీ,” అంది. “రేపు కూడా చెప్పండి.”